పడవ కడితే గుద్దదు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా మరిది భానుప్రకాశ్ బొలెరో వెనక పడవ కట్టుకుని పోతుంటే, ఏదో ఒక దిగుడులో ఆ పడవే బండిని తోసుకుంటూ పోతుందని. పాప ఒళ్ళు కాస్త వెచ్చబడినా, మా ఆయన డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైనా భయపడే మనిషినే నేను. ఆ భయాలకు అలవాటు పడ్డాను. ఈ పడవ భయం కొత్తది. దీనికి ఒక అమ్మాయి కారణం.

ఆ రోజు పాపకు టీకా వేయించడానికి అల్వాల్ నుంచి భానుతో బయల్దేరాను. బొలెరోను కిరాయికి తిప్పుతాడు భాను. సైనిక్‌పురిలో ఎవరిదో ట్రాలీ లాగే పని ఉంది, చూసి పోదాం వదినా అన్నాడు. ట్రాలీ అంటే ఇల్లు మారే సామాను అనుకున్నాం. గేటు తీసి చూస్తే కారు షెడ్డులో పడవ.

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. పడవను పాఠం పక్కన బొమ్మగానే చూశాను. ఇది అసలు చెక్క పడవ. మా వంటగదికంటే పొడుగు, చేప వీపులా నున్నగా ఉంది. చేత్తో ముట్టుకోవచ్చో లేదో తెలియక కొంగుతో ముట్టుకున్నాను. ఏడుస్తున్న పాప కూడా నోరు తెరుచుకుని చూసింది. నేవీలో చేసి రిటైరైన కామరాజు గారు, ఆయన కూతురు యోగిత కలిసి ఆ షెడ్డులోనే దాన్ని తయారు చేశారట. ఆదివారం హుస్సేన్‌సాగర్‌లో దింపాలట.

భాను ట్రాలీని బండి వెనక కొక్కేనికి తగిలించాడు. అంతే, బొలెరో కుక్క కూర్చున్నట్టు వెనక్కి కూర్చుంది. ముందు లైట్లు పైన మామిడి కొమ్మను చూశాయి.

"మీ బండి పట్టపగలే చుక్కలు లెక్కపెడుతోందండీ," అంది యోగిత.

"మీ పడవ జెర తక్కువ తినుంటే సీదా నిలబడేది," అన్నాడు భాను.

ఆమె నవ్వకుండా ట్రాలీ విప్పేసింది. శుక్రవారంలోగా బండి సంగతి తేల్చకపోతే వేరే బండి మాట్లాడుకుంటామని చెప్పింది. చేతికంటిన వార్నిష్ తుడుచుకుంటూ లోపలికి పోతూ పోతూ ఒకసారి తిరిగి చూసింది. బండిని చూసిందని నేననుకున్నాను. తనను చూసిందని భాను అనుకున్నాడు. ఆ అనుకోవడంలోనే టీకా వేసే ఆసుపత్రి దాటి చాలా దూరం తీసుకుపోయాడు.

ఆ తర్వాత ఫోన్లు షురూ అయ్యాయి. మొదటి ఫోన్ పడవ బరువెంతో అడగడానికి. రెండోది పొడవెంతో అడగడానికి. ఆ పైన అడగడానికి కొలతలేమీ మిగల్లేదు, అయినా ఫోన్లు ఆగలేదు. వాళ్ళింట్లో పులుసులో బెల్లం వేస్తారని మాకు తెలిసింది. మా అత్తమ్మకు నడుం నొప్పి అని, ఆమె కోసమే భాను ఆ బండిని మెత్తగా ఉంచుతాడని యోగితకు తెలిసింది.

శుక్రవారం రాణిగంజ్ పోయాం. అక్కడ కమాన్లు బాగుచేసే రిచర్డ్ దగ్గర భాను ఎప్పటినుంచో పని చేయించుకుంటాడు. కమాన్ అంటే బండి వెనక బరువు మోసే ఇనుప పట్టాల కట్ట. పడవ సంగతి స్వయంగా వినాలని యోగిత కూడా వచ్చింది. నేను భయంతో వచ్చాను. ఇంట్లో కూర్చుంటే ఆ భయం ఇంకా పెరుగుతుంది.

రిచర్డ్ బండి కిందికి దూరి చూసి బయటికొచ్చాడు. కట్టకు ఇంకో పట్టా ఎక్కిస్తే పడవ కట్టినా బండి కుంగదన్నాడు. కానీ తక్లీఫ్ కూడా చెప్పాడు. బరువు కోసం గట్టి చేసిన బండి ఖాళీగా తిరిగితే ప్రతి గుంతలో ఎగిరి గుద్దుతుంది. పైగా పట్టా వేసినంత మాత్రాన బ్రేకు బలం పెరగదు, దిగుడులో మెల్లగానే పోవాలి. ఆ మాట విని పాపను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఒక్క ట్రిప్పుకైతే పట్టా దండగ భాను," అన్నాడు రిచర్డ్. "పడవను ట్రాలీ మీద జెర వెనక్కి జరుపుకో, మెల్లగ పో. రోజూ లాగుతానంటే చెప్పు, ఏస్తా. ఒక్కసారా, ఎప్పటికా?"

భాను చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని తాగకుండా కింద పెట్టాడు.

"ఎయ్యన్నా."

"మేం అడిగింది ఒక్క ట్రిప్పే కదండీ," అంది యోగిత.

"మీరడిగింది ఒక్కటే," అన్నాడు భాను.

రిచర్డ్ స్పానర్ కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. రోడ్డు మీద లారీలు హారన్లు కొడుతున్నాయి. పెళ్ళిచూపుల్లో తలొంచుకుని సరే అన్నదాన్ని నేను. ఒక మగాడు తన బండిని ఎప్పటికీ మార్చేసుకుని మనసులో మాట చెప్పడం నా కళ్ళతో అప్పుడే చూశాను.

యోగిత వంగి ఆ పాత పట్టాలను చూసింది. చాలాసేపు చూసింది.

"మరి మీ అమ్మగారి నడుము?"

"అమ్మను ముందు సీట్ల కూసోబెడ్త. ముందు అంత గుద్దదు."

"అయితే నేను వెనక కూర్చోవాలన్నమాట."

భాను చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని అన్నాడు, "పడవ కడితే గుద్దదు."

అప్పుడు నవ్వింది ఆ అమ్మాయి, మొదటిసారి.

మా అత్తమ్మ దేవమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సాయంత్రం భాను ఆమెను గుడికి తీసుకుపోయి వచ్చాడు. ముందు సీట్లోనే కూర్చున్నా, ఆమె దిగుతూనే నడుం పట్టుకుని, బండిలో రాళ్ళు పోసినవా ఏందిరా అని అడిగింది. నేనే చెప్పేశాను, పట్టా సంగతి, పడవ సంగతి, పిల్ల సంగతి. అత్తమ్మ అరుగు మీద కూర్చుంది. కులం అడుగుతుందనుకున్నాను, ఊరు అడుగుతుందనుకున్నాను.

"ఖాళీ బండి తిప్పి నన్ను సంపకురా," అంది చివరికి. "ఆ పడవను తెచ్చి కట్టుకో. మళ్ళ ఇప్పకు."

ఆదివారం పొద్దున బండి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది అత్తమ్మ. పడవకు చక్రాలు లేవు కదా, దానికెక్కడ పెట్టాలని కామరాజు గారిని అడిగింది. ఆయనకూ తెలియలేదు. నేవీలో నేర్పలేదమ్మా అన్నాడు. చివరికి పడవ ముక్కుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు.

సికింద్రాబాద్ మీదుగా పడవ నడిచింది. ప్యాట్నీ సిగ్నల్ దగ్గర బస్సు కిటికీల నిండా తలకాయలు. ఒక ఆటో ఆయన పక్కకు జరిగి దారిచ్చి, గుడి ముందు పెట్టుకున్నట్టు చెంపలు తాకి దండం పెట్టుకున్నాడు. ఫ్లైఓవర్ దిగుడులో నేను కళ్ళు మూసుకున్నాను. భాను చిన్న గేరులో, తల్లి పిల్లను మెట్లు దింపినట్టు దింపాడు. వెనక సీట్లో నా పక్కన యోగిత ఉంది. నిజంగానే గుద్దలేదు. పాప నిద్రపోయింది.

సాగర్ ఒడ్డున ట్రాలీని నీళ్ళలోకి వెనక్కి తోశారు. పడవ జారింది. మా బొలెరోను కుక్కలా కూర్చోబెట్టిన ఆ బరువును కామరాజు గారు రెండు వేళ్ళతో తోశారు, కదిలింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అంత బరువూ ఎక్కడికి పోయింది? యోగిత పడవెక్కి తాడు లాగితే తెల్ల తెరచాప ఒక్కసారి విచ్చుకుని గాలి మింగింది. పాప లేచి చప్పట్లు కొట్టింది. కామరాజు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు.

యోగిత పడవలోంచి చెయ్యి చాపింది. భాను పట్టుకుని ఎక్కాడు.

"వానికి ఈత రాదు బిడ్డా," అని ఒడ్డునుంచి అరిచింది అత్తమ్మ.

"నాకొచ్చండీ," అని అక్కడినుంచి జవాబొచ్చింది.

పెళ్ళి శ్రావణంలో. ఇప్పుడు ప్రతి ఆదివారం పడవ పోతుంది, నేను పాపతో అన్నిసార్లూ పోలేను. రోడ్డు భయం తగ్గింది, నీళ్ళ భయం పట్టుకుంది. మీరెప్పుడైనా ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ మీదుగా పోతే, ముక్కుకు నిమ్మకాయ కట్టిన తెల్ల తెరచాప పడవ కోసం చూడండి. అందులో యోగిత వంకే చూస్తూ ఒకడు కూర్చుని ఉంటాడు. ఉక్క పోస్తుందని లైఫ్ జాకెట్ బకిల్ వదిలేస్తాడు వాడు. పెట్టుకున్నాడో లేదో కాస్త చూడండి. పెట్టుకోకపోతే, వదిన అడుగుతోందని ఒక కేక వేయండి.