ఎర్ర పల్లకీ మీద గబ్బిలాలు

సర్రీలో రైలు పట్టాల పక్కన వరసగా గోడౌన్లుంటాయి కదా... వాటిలో చివరిది ఊరికే ఇస్తానన్నా వద్దంటారు మన డెకరేషన్ వాళ్లు. ఎందుకని అడిగితే మాట మార్చేస్తారు. నాకు చెప్పినాయన కూడా తలుపు గడియ వేసొచ్చాకే నోరు విప్పాడు.

ఆ గోడౌన్ పాండురంగది. పెళ్లి మండపాలు వేసే మనిషి. రిచ్‌మండ్‌లో మిసెస్ ల్యూంగ్ అనే చైనా ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తుంటే, పాతకాలం పెళ్లిపల్లకీ కొనుక్కొచ్చాడు. ఎర్ర లక్క, బంగారు పూత, కర్రలోనే చెక్కిన తామరలు, దానిమ్మలు... అబ్బ, చూపు తిప్పుకోలేం! కూతురు రూపని పెళ్లిలో అందులోనే తీసుకురావాలని మురిసిపోయాడు.

"తలుపు మీద చెక్కడం జోలికి మాత్రం పోకు," అని మరీ మరీ చెప్పిందావిడ.

పెళ్లి రేపనగా భార్య చంద్రకళ గోడౌన్‌కి వచ్చి చూసింది. తలుపు మీద ఐదు గబ్బిలాలు!

"ఛీ ఛీ! గబ్బిలం ఇంట్లో దూరితేనే శాంతి చేయించుకుంటాం. నా పిల్లని వీటి వెనకాల కూర్చోబెడతారా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నువ్వు ఇంటికి పద. నేను చూసుకుంటా," అన్నాడు.

డిసెంబరు కదా, సాయంత్రానికే చీకటి. బయట ఒకటే వాన. పాండురంగ ఉలి పట్టాడు. ఒకటి లేచొచ్చింది... ఇంకోటి... చెమటలు కక్కుతూ నాలుగు ఊడగొట్టాడు.

అప్పుడు — పల్లకీ లోపల ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"ఎ... ఎవరూ?"

తలుపు ధడాల్న తెరుచుకుని మొహాన కొట్టింది. ముక్కు చితికి నెత్తురు కారింది. లేవబోయాడు. పల్లకీ మోసే బొంగు దానంతటదే లేచి పక్కటెముకల మీద పడింది. మళ్లీ పడింది... ఎముక విరిగిన చప్పుడు తనకే వినపడింది. ఎర్ర పట్టు తొడిగిన చెయ్యి ఒకటి బయటికొచ్చి, ఉలి లాక్కుని, అతని అరచేతిని పల్లకీ గడపకి దిగ్గొట్టింది.

"అమ్మా... రేపు నా బిడ్డ పెళ్లి... వదిలెయ్ తల్లీ..."

రెండో చేత్తో ఫోన్ నొక్కాడు. పోలీసులకి కాదు, ముసలావిడకే. దీన్ని ఆపడం తెలిస్తే ఆవిడకే తెలియాలి.

"ఆంటీ... గబ్బిలాలు తీసేశాను..."

ఆవిడ వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పింది.

"ఒకప్పుడు ఆ పల్లకీలో వెళ్తున్న పెళ్లికూతుర్ని మోసేవాళ్లే దారిలో కొట్టి చంపారు. ఆమె చెయ్యి ఎవరి మీదా లేవకుండా మా పెద్దలు ఐదు శుభాలు చెక్కించారు. మాకు గబ్బిలమంటే శుభం. సంపద, ఆరోగ్యం, పుణ్యం, సుఖమైన చావు, ఆయుష్షు. ఏది తీస్తే అది... తీసినవాడికి లేకుండా పోతుంది. ఏమన్నా మిగిలిందా?"

"ఒక్కటి... అన్నిటికన్నా పైనున్నది."

ఆవిడ భోరుమంది.

"అది ఆయుష్షు! అయ్యో... ఇక నువ్వు చావాలన్నా చావలేవు."

బొంగు మళ్లీ పైకి లేచింది.