సీసా మీద ఎర్ర చీటీ

గీత దాకా రావాలంటే ఇంకా నాలుగు వేళ్ళ ఎత్తు పిండి కావాలి.

రయ్యి సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది. వెలుగు పెరిగింది గానీ పిండి పెరగలేదు.

ఏ పనైనా రయ్యిన చేసేస్తుందని ఇంట్లో ఆ పిల్లకు ఆ పేరు పెట్టారు. రేపు బడిలో సైన్సు ప్రదర్శన. ఒకరు బంగాళాదుంపల నుంచి, ఒకరు మొక్కజొన్న నుంచి, రయ్యి బియ్యం నుంచి పిండి తీసి తేవాలి. టీచర్ ముగ్గురికీ ఒకే రకం సీసాలిచ్చి, ఒకే ఎత్తున గీత గీశారు.

రయ్యి బియ్యం నానబెట్టింది. రుబ్బింది. గుడ్డలో వడకట్టింది. పాలలాంటి ఆ నీళ్ళను కదపకుండా ఉంచితే పిండి అడుగుకు దిగుతుంది. పైనున్న నీళ్ళు తేటపడ్డాకే వంచాలి. రయ్యి ఆగలేక ముందే వంచేసింది. పిండి చాలావరకు ఆ తెల్లటి నీళ్ళతో సింకులోకి పోయింది. మిగిలింది ఎండబెడితే రెండు చెంచాలు.

"పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని ఊరికే అన్నారా?" అంది అమ్మమ్మ కూరగాయలు తరుగుతూ.

"ఇవి పాలూ కావు, నీళ్ళూ కావు అమ్మమ్మా."

"అందుకేనా రెండూ పారబోశావు?"

రయ్యి గదిలోకి వెళ్ళింది. అద్దం ముందు అమ్మ పౌడర్ డబ్బా ఉంది. అమ్మ పనిచేసేది బియ్యపు పిండి ఫ్యాక్టరీలో. అక్కడి పిండి కొంత సూపులు చిక్కబడడానికి వెళుతుంది. కొంత ఒంటికి రాసుకునే పౌడర్లు తయారుచేసే కంపెనీకి వెళుతుంది. అంటే ఈ డబ్బాలోదీ అమ్మ వాళ్ళ పిండే. మరి కలిపితే తప్పేముంది?

నిజంగా తప్పు లేకపోతే ఆ మాట ఒకసారి అనుకుంటే చాలు. రయ్యి మూడుసార్లు అనుకోవలసి వచ్చింది. మూడోసారికి సీసా గీత దాకా నిండింది.

సాయంత్రం అమ్మ వచ్చింది. కనురెప్పల మీద ఇంకా తెల్లటి నుసి ఉంది.

"పౌడర్‌లో ఉండేదంతా మీ పిండేనా అమ్మా?"

"సగమే. మిగతావి వాళ్ళు కలుపుకుంటారు. సువాసనలు, ఇంకేవేవో. ఏం, ఎందుకు?"

"ఊరికే."

అమ్మ చెప్పులు విడుస్తూ అంది. "ఇవాళ మా లారీ ఆగిపోయింది. ఊడ్చే ఆవిడ ఒక బస్తాకు ఎర్ర చీటీ అంటించింది. కుట్టు విడినట్టు అనుమానం వచ్చిందట."

"ఆవిడ చెబితే లారీ ఆపేస్తారా?"

"ఎవరు అంటించినా అంతే. బస్తా పక్కన పెట్టడం మొదటి పని. ఎందుకని అడగడం రెండో పని."

"మేనేజర్ తిట్టలేదా?"

"ఎందుకు తిడతాడు? అది ఎవరో ఒకరి నోట్లోకి పోయేదేగా."

రయ్యి అన్నం తినడానికి కూర్చుంది. సీసా చూడడానికే కదా, తినడానికి కాదుగా అని తనకు తనే చెప్పుకుంది.

మర్నాడు టీచర్ బడికి స్టవ్ తెచ్చారు.

"ఊరికే చూస్తే ఏం తెలుస్తుంది? సూపు కాచి చూద్దాం. ఏది బాగుందో ఒకటో తరగతి వాళ్ళు చెబుతారు."

ముగ్గురు చిన్నపిల్లలు చెంచాలు పట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఒకడు ఖాళీ చెంచానే నాకుతున్నాడు.

దుంప పిండి సూపు అయింది. మొక్కజొన్న పిండి సూపు అయింది. ఇక మిగిలింది మూడో సీసా.

చెయ్యి తగిలినట్టు సీసాను పడేస్తే? పగిలిపోతుంది. ఎవరికీ తెలియదు. రయ్యి చెయ్యి సీసా దాకా వెళ్ళింది కూడా. కానీ ఆ తర్వాత రోజూ తనకు తెలుస్తూనే ఉంటుంది. చెయ్యి వెనక్కి వచ్చింది. నోటు పుస్తకం ఎర్ర అట్టలోంచి ఒక ముక్క చింపింది. దానికి జిగురు రాసి సీసాకు అంటించింది.

"టీచర్, ఇది వాడొద్దు."

టీచర్ చీటీని చూశారు, రయ్యిని చూశారు. ముందు సీసా తీసి బీరువాలో పెట్టారు. అప్పుడు అడిగారు.

"ఎందుకు?"

"పౌడర్ కలిపాను. గీత దాకా రాలేదని."

"అందుకా ఇందాకట్నుంచి పెళ్ళివారి వాసన!" అన్నాడు దుంప పిండి తెచ్చిన పిల్లాడు. అందరూ నవ్వారు. రయ్యి చెవులు వేడెక్కాయి. అయినా తల దించుకోలేదు.

"నీకు నిజంగా వచ్చింది ఎంత?" అడిగారు టీచర్.

"రెండు చెంచాలు."

"సూపుకు ఒక్క చెంచా చాలు కదే."

రయ్యి ఇంటికి రాగానే గుప్పెడు బియ్యం నానబెట్టింది. మర్నాడు బడి నుంచి వచ్చి రుబ్బింది, వడకట్టింది. గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గంట గడిచింది.

"వంచవేమే?" అంది అమ్మమ్మ.

"పైన ఇంకా తెల్లగానే ఉంది."

అమ్మమ్మ వంగి చూసింది. గిన్నెకు ఎర్ర చీటీ అంటించి ఉంది.

"ఇంట్లో ఉన్నది మనిద్దరమే. ఈ చీటీ ఎవరికే?"

"నాకే," అంది రయ్యి, గిన్నె మీంచి చూపు తిప్పకుండా.