మూడో కెమెరా పెదవులు

నేను అన్యాయం చేసింది సౌండు బాబాయికి. పోయిన ఏడాది ఫిబ్రవరి పదకొండున, మధ్యాహ్నం మూడు గంటల పదిహేడు నిమిషాలకు. నిమిషాలతో సహా ఎలా గుర్తుందంటే, అబద్ధమాడుతూ ఆయన కళ్లలోకి చూడలేక గోడ గడియారం కేసి చూశాను.

మా స్టూడియోలో నాటకాలూ పాటకచేరీలూ మూడు కెమెరాలతో తీస్తాం. మూడింటికీ కలిపి ధ్వని ఒక్కటే, బాబాయి రికార్డరులో పడేది. మొదలుపెట్టే ముందు ఆయన మూడు కెమెరాలకూ కనిపించేలా మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చేతులు చరిచేవాడు. చేతులు తాకిన బొమ్మను ఆ చప్పుడుకు ఆనిస్తే చాలు, మూడు కెమెరాలూ ఒక్క గొంతుతో నడుస్తాయి.

“మీ చప్పట్లకు కాలం చెల్లింది బాబాయ్. ఇప్పుడు కంప్యూటరే వెతికి కలుపుకుంటుంది” అనేదాన్ని.

“కుంభకర్ణుడైనా లేస్తాడమ్మాయ్ నా చప్పుడుకు. నీ కెమెరాలు లేవవా?” అనేవాడు, బుగ్గన లవంగం అటునుంచి ఇటు మార్చుకుంటూ.

ఆ రోజు నాటకంలో మూడో కెమెరా కలవలేదు. అది సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు తీసింది. నేను కంప్యూటరుకు ఇరవై అయిదని చెప్పాను. నిమిషం తిరిగేసరికి పెదవులు మాటకంటే రెండు సెకన్లు ముందు పరుగెడుతున్నాయి. తప్పు నాదేనని నాకు అప్పుడే తెలిసింది. కానీ నేను కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు. పాత పుస్తకాల కొట్లో కొన్నవీ, యంత్రాల డబ్బాల్లో వచ్చినవీ చదివి నేర్చుకున్నదాన్ని. ‘చదువు లేనిది, ఇంతకంటే ఏం చేస్తుందిలే’ అనడానికి కాచుకుని కూర్చున్నవాళ్లే చుట్టూ. ఊళ్లో అందరి తప్పులూ ఎత్తిచూపే నా నాలుక, ఓనరు గద్దించగానే అడ్డదారి తొక్కింది.

“బాబాయికి చెవులు పోయాయి సార్.”

బాబాయి నాకేసి చూశాడు. “అమ్మాయ్, మూడోదాన్ని ఒకసారి సరిచూడు” అన్నాడు. అంతే.

సరిచూడలేదు. సాయంత్రానికి ఆయన్ని పనిలోంచి పంపేశారు. రికార్డరు ఆయన సొంతం. అది మాత్రం మా బీరువాలోనే ఉండిపోయింది. పోయిన నెల ఆయన పోయాడన్నారు. చూడ్డానికి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

నిన్న మధ్యాహ్నం ఒక సంగీతం టీచరు కచేరీని కలపడానికి కూర్చున్నాను. కొత్త రికార్డరు పాడైతే, పోయిన ఆదివారం సిగ్గులేకుండా బాబాయిదే బయటికి తీసి వాడుకున్నాం. పని అయ్యాక బ్యాటరీలు తీసేసి బల్ల మీద పెట్టాను. నాలుగింటికి బాబాయి కూతురు వచ్చి పట్టుకెళ్తానని ఫోన్ చేసింది.

కిటికీ పరదాలు వేసిన గది. వేడెక్కిన యంత్రాల దుమ్ము వాసన. కంప్యూటరు మూడు కెమెరాలనూ ధ్వనితో ఒక్క దెబ్బకు కలిపేసింది. ఎప్పుడూ అంత బుద్ధిగా కలపదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్లే నొక్కాను.

మూడు తెరల మీదా టీచరు నిలబడి ఉంది. పాట ఎత్తుకోవాలి.

ఫట్.

చేతులు చరిచిన చప్పుడు. మూడు కెమెరాల్లోనూ చూశాను. ఎవరూ చరవలేదు. మేం చప్పట్లు మానేసి ఏడాదైంది.

ఆ తర్వాత పాట రాలేదు. ఒక అమ్మాయి గొంతు వచ్చింది, నెమ్మదిగా…

“నాన్నకు చెవులు నిజంగానే పోయాయా అక్కా?”

టీచరు నోరు తెరిచింది.

“అవునమ్మా…” సన్నని దగ్గు. “పోయాయి.”

అది నా గొంతు.

ఎదురుగా, ఎడమన, కుడిన, మూడు మొహాల్లోనూ ఆ పెదవులు నా మాటను పలికాయి. దగ్గు దగ్గర గొంతు కూడా కదిలింది. వెంట్రుకవాసి తేడా లేదు. నా జన్మలో నేనేదీ అంత చక్కగా కలపలేదు.

మూడో కెమెరా బొమ్మను పట్టుకుని రెండు సెకన్లు వెనక్కి లాగాను. మళ్లీ నొక్కాను. అయినా కలిసింది. అయిదు సెకన్లు ముందుకి… కలిసింది. హెడ్‌ఫోన్లు తీసి విసిరేశాను.

గదిలో లవంగం వాసన.

“సరిచూడు…”

హెడ్‌ఫోన్లు నేల మీద ఉన్నాయి. మాట నా చెవి పక్కన వినపడింది.

తలుపు తట్టారు.

బాబాయి కూతురు. వాళ్ల నాన్న నుదురే. రికార్డరు చేతికిస్తే చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. వెళ్లబోయి ఆగింది.

“ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. ఇక్కడ చెవులు పోయాయన్నారని, నాన్న ఒప్పుకోకపోయినా మేమే బలవంతంగా చెవి మిషను పెట్టించాం. ‘దీనితో గోల భరించలేనే తల్లీ, నాకు ముల్లు కదిలినా వినపడుతుంది’ అని ఏడ్చేవాడు. చాదస్తం అని నేనే కసిరాను. పోయేదాకా తియ్యనివ్వలేదు.”

ఆ పైన ఏం అడగబోతోందో నాకు తెలుసు. ‘లేదమ్మా, తప్పు నాది’ అనాలి. మూడే ముక్కలు. సిద్ధంగా నిలబడ్డాను.

“నాన్నకు చెవులు నిజంగానే పోయాయా అక్కా?”

ఆ పిల్ల కళ్లు చూశాను. నిజం చెబితే, కన్నతండ్రిని అన్యాయంగా ఏడిపించిన పాపం ఆమెకు చుట్టుకుంటుంది. దాన్నే సాకుగా చేసుకున్నాను. అసలు భయం నా గురించే.

“అవునమ్మా…” దగ్గు రాబోయింది. పళ్లు బిగించాను. ఆగలేదు. “పోయాయి.”

ఆమె ఊపిరి వదిలింది. “పోనీలే అక్కా. ఇప్పుడు కాస్త నిద్రపడుతుంది.”

ఫట్.

“ఏంటక్కా ఆ చప్పుడు?” అంది, చేతిలోని రికార్డరు కేసి చూసి. బ్యాటరీలు నా బల్ల మీదే ఉన్నాయి.

“ఏం లేదు” అన్నాను. ఇంకో అబద్ధం.

ఆమె మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగేసరికి మూడు తెరల మీదా టీచరు నోరు మూసుకుని ఉంది. నా నోరు ఎలా మూసుకుందో అలాగే.

ఆ ధ్వని ఫైలు ఆదివారం నాటిదేనా? వివరాలు తెరిచాను. నేనిప్పుడే ఆడిన అబద్ధం, దగ్గుతో సహా, రికార్డయిన తేదీ: పోయిన ఏడాది ఫిబ్రవరి పదకొండు, మధ్యాహ్నం మూడు గంటల పదిహేడు నిమిషాలు.