మోచేతి దగ్గర ఆగిన తొడుగు

"చెయ్యి వదులుగా పెట్టండి ఆంటీ. మీరేమీ చెయ్యొద్దు, అదే చేస్తుంది," అంది డాక్టర్ ఫర్హీన్.

కాకినాడలో సుభాషిణి ఇంటి వరండా. ఆవిడ ఎడమ చేతికి భుజం దాకా బూడిదరంగు తొడుగు, దాని లోపల బియ్యపుగింజంత మోటార్లు నాలుగు వేలు. రొమ్ము కేన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేశాక, లింఫ్ అనే నీరు పోయే దారిలేక కొందరికి చెయ్యి వాచిపోతుంది. ఆ నీటిని చర్మం మీద మెత్తగా నిమురుతూ పైకి మళ్ళించాలి. గట్టిగా నొక్కితే పని చెడుతుంది. అంత మెత్తదనం మోటార్లకెక్కడిది? అందుకే ఫర్హీన్ కనిపెట్టిన తొడుగు, రోజూ నిమిరే మనిషి చేతినే చూసి నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక ఇక ఆ మనిషి అక్కర్లేదు.

ఆ మనిషి వరూధిని, సుభాషిణికి పెద్ద తోడికోడలు. ఒక పెళ్ళిలో తొలి బంతిలో ఎవరు కూర్చోవాలన్న తగువుతో ఇద్దరికీ తొమ్మిదేళ్ళు మాటల్లేవు. తొమ్మిదేళ్ళు! ఆపరేషనయిందని తెలిసి ఒక మధ్యాహ్నం తిన్నగా లోపలికొచ్చి, "ఏదీ చెయ్యి," అంది. క్షమాపణలూ గిమాపణలూ ఏమీ లేవు. నర్సు దగ్గర కూర్చుని పని నేర్చుకుని, ఆర్నెల్లు రోజూ నాలుగింటికి వచ్చింది. నలభై నిమిషాలు నిమురుతూ లోకంలోని కబుర్లన్నీ చెప్పేది.

తొడుగు మూడు వారాల్లో ఆ చేతిని ఔపోసన పట్టేసింది. రెండు నెలల్లో వాపు సగానికి దిగింది, కుట్లు విప్పిన జాకెట్ చెయ్యి మళ్ళీ బిగించుకోవచ్చు. సుభాషిణి సంతోషించింది, అబద్ధమెందుకు. కానీ అక్క రావడం మానేసింది.

ఒకసారి రాకూడదా అనడానికి నోరు రాలేదు. పనుంటే పిలుచుకోగలరు గానీ, ఊరికే రమ్మనడం ఆ ఇద్దరికీ చేతకాదు.

తొడుగులో ఒక చిత్రముంది. నిమురుతూ నిమురుతూ మోచేతి దగ్గర ఆగిపోతుంది. ఎందుకో సుభాషిణికి తెలుసు. కబురు రసపట్టులో పడితే వరూధిని చెయ్యి అక్కడే ఆగేది. "ఆ తర్వాతేమైందో చెప్పుకో చూద్దాం!" అని కళ్ళెగరేసేది. తొడుగు ఆగడం నేర్చుకుంది, కబురు నేర్చుకోలేదు. అది ఆగినప్పుడల్లా సుభాషిణి పిచ్చిదానిలా "ఏమైంది?" అంటుంది. అని, అక్క మీద బెంగతో కళ్ళు తుడుచుకుంటుంది.

చివరికి ఒక ఉపాయం తట్టి ఫోన్ చేసింది. "అక్కా, ఈ మిషన్ మధ్యమధ్యలో ఆగిపోతోంది. నువ్వొచ్చి మళ్ళీ నేర్పాలేమో."

"అయ్యో, చెయ్యి మళ్ళీ వాచిపోతుందేమోనే! ఉండు, ఉండు," అని గబుక్కున పెట్టేసింది వరూధిని.

సుభాషిణి చీర మార్చుకుంది. కాఫీకి పాలు పెట్టింది. నాలుగింటికి గేటు చప్పుడైతే పరుగున వెళ్ళి చూసింది. ఫర్హీన్!

"వరూధిని ఆంటీ ఫోన్ చేశారు. మీకేమవుతుందోనని ఒకటే కంగారు," అంటూ ఆ పిల్ల టాబ్లెట్ తెరిచి గీతలు చూసింది. "అదా సంగతి! వరూధిని ఆంటీ చెయ్యి పదకొండుసార్లు అనవసరంగా ఆగింది, ఇదీ అలాగే నేర్చుకుంది. తీసేస్తున్నా."

"తియ్యకపోతే ఏమవుతుందమ్మా?"

"ఏమీ కాదు. తీసేస్తే నలభై నిమిషాల పని ఇరవై ఎనిమిదిలో అయిపోతుంది కదా!"

ఉంచెయ్యమ్మా అనబోయింది సుభాషిణి. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? ఆలోచిస్తుండగానే ఫర్హీన్ వేలు తెర మీద కదిలింది.

ఆ సాయంత్రమే వరూధిని ఫోన్ చేసింది. "బాగయిందా?"

"బాగయిందక్కా. ఇంక ఆగదట."

"హమ్మయ్య! అయితే ఇక నాతో పనిపడదు."

"పడదక్కా."

ఇద్దరూ ఫోన్ పెట్టెయ్యలేదు. రమ్మని ఈవిడా అనలేదు, రానా అని ఆవిడా అడగలేదు.