ఉప్పులో పెట్టిన పేరు

పిల్లల స్కూల్ ప్రాజెక్టంటే తల్లులకే పరీక్ష. ఆరో తరగతి కృతికి ఈసారి ప్రాచీన ఈజిప్టు పడింది. క్లాసులో అందరూ కోడిని ఉప్పులో ఎండబెట్టి మమ్మీ చేస్తుంటే, నీచు గడప దాటని అలేఖ్య ఇంట్లో ఆపిల్‌తో సరిపెట్టారు. కాపెల్ ఊళ్లో ఆ శనివారం తల్లీకూతుళ్లు దానికి కళ్లూ నోరూ చెక్కి, గరాజ్‌లో ఓ డబ్బాలో ఉప్పు పోసి కప్పెట్టారు. ఆపిల్‌కి చుట్టిన గుడ్డపట్టీ మీద కృతి తన పేరే రాసింది.

"నీ పేరెందుకే?"

"నేమ్ రాస్తే సోల్ అక్కడికొచ్చి ఉంటుందంట అమ్మా. అదే ఎరేజ్ చేస్తే..."

"తర్వాత చెబుదువుగాని. నాకు కాల్ ఉంది," అంది అలేఖ్య.

ప్రతి శనివారం ఆపిల్‌ని తూచి ప్రాజెక్టు కాగితం మీద రాయాలి. ఎనభై గ్రాములు. డెబ్బై నాలుగు. అరవై తొమ్మిది.

ఈలోగా పిల్లకి దాహం పట్టుకుంది. కృతి పేరు చెక్కించి అమ్మమ్మ పంపిన వెండి గ్లాసు చేతిలోంచి దిగదు. ఎంత తాగినా పెదవులు బీటలే. వారం వారం క్లినిక్‌కి తీసుకెళ్లినా, డాక్టరు టెస్టులన్నీ నార్మల్ అన్నాడు. దిష్టి తీద్దామని తల్లి గుప్పెడు ఉప్పు పట్టుకొస్తే, అది చూసి పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. కన్నీళ్లు మాత్రం రాలేదు.

నాలుగో శనివారం మధ్యాహ్నం, క్లినిక్ రిపోర్టు ఆ కాగితం పక్కన పెట్టి చూసింది. పౌండ్లలో కృతి బరువు వారం వారం... ఎనభై. డెబ్బై నాలుగు. అరవై తొమ్మిది.

గరాజ్‌కి పరుగెత్తింది. ఉప్పు తవ్వి ఆపిల్‌ని తెచ్చి, వంటింటి కుళాయి కింద పెట్టింది. పైగదిలో కృతికి పొలమారింది... ఊపిరాడని దగ్గు. కుళాయి కట్టేసింది. దగ్గు ఆగింది.

ఉప్పులో ఉంచడానికి లేదు. నీళ్లలో పెట్టడానికీ లేదు. ఏం చెయ్యాలి... ఎవరిని అడగాలి...

పట్టీ మీద పేరు కనిపించింది. పేరుంటేనే కదా ప్రాణం ఇక్కడుండేది! తడి బొటనవేలితో రుద్దింది. సిరా పోయింది.

హమ్మయ్య అనుకుంది. పిల్లని పిలుద్దామని నోరు తెరిచింది.

పేరు... నాలుక చివరే ఉంది. రాలేదు.

ప్రాజెక్టు కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది. ఇన్నాళ్లూ చదవలేదు. 'పేరు చెరిపేస్తే ఆ మనిషి ఎప్పుడూ పుట్టనట్టేనని వాళ్ల నమ్మకం.'

వెండి గ్లాసు అందుకుంది. చుట్టూ తిప్పి చూసింది. నున్నగా ఉంది. ఒక్క అక్షరం లేదు. అడుగున ఉప్పు.

"తేజా... పిల్ల పేరు చెప్పు..." అంది అలేఖ్య.

భర్త తేజేశ్వర్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "ఏ పిల్ల?"

మేడ మీంచి సన్నగా వినిపించింది. "అమ్మా... దాహం..."

తేజేశ్వర్ మేడ మెట్ల వైపు చూశాడు.

"అలేఖ్యా... మనింట్లో ఎవరది?"