లీటరుకు అరవై

శవం బోర్లా పడి ఉంది. తల పక్కనే వీల్ స్పానర్. దాని కొనకు నెత్తురు, వెంట్రుకలు.

చచ్చిపోయినవాణ్ణి వీధంతా మైలేజ్ డాక్టర్ అనేది. మోటార్‌సైకిల్ మెకానిక్. షెడ్డు గోడ మీద ఎర్ర పెయింటుతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించుకున్నాడు: 'లీటరుకు అరవై. గ్యారంటీ.' పెట్రోలు చుక్క నేల మీద పడితే సొంత రక్తం కారినంత గోల చేసే మనిషి. ఇప్పుడు నిజంగానే రక్తం కారింది. గోల చేయడానికి ఆయన లేడు.

ఇన్‌స్పెక్టర్‌కు పొద్దుటి నుంచీ తలనొప్పి. షెడ్డులోని పెట్రోలు వాసనకు అది రెట్టింపయింది. ఎక్కడిదా అని వంగి చూసింది. బెంచీ కింద, సామాన్లు కడిగే ట్రే నిండా తేటగా పెట్రోలు.

"దీన్ని డబ్బాలో పోసి సీల్ వెయ్యి," అంది కానిస్టేబుల్‌తో.

"మెకానిక్ షెడ్డులో పెట్రోలుండక పాలుంటాయా మేడమ్?" గొణిగాడు కానిస్టేబుల్. "కేసు తేలిపోయింది. పెళ్లామే కొట్టింది. మధ్యాహ్నం ఇక్కడికొచ్చి, 'నీ పీడ ఎప్పుడు విరగడవుతుందో' అని అరిచిందట. వీధంతా విన్నారు."

"చెప్పిన పని చెయ్యి."

మెకానిక్ భార్య గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లలో నీటిచుక్క లేదు.

"అన్నావా?"

"అన్నాను. పెళ్లయిన నాటి నుంచీ అంటూనే ఉన్నాను. అన్నంత మాత్రాన చంపినట్టా? అలాగైతే ఈ వీధిలో ఒక్క మొగుడూ మిగలడు."

"చూశారా మేడమ్, ఎంత పొగరో!" పక్క నుంచి అందుకున్నాడు మెకానిక్ తమ్ముడు. "లోపలెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ అతనివైపు తిరిగింది. శవాన్ని చూసిన పోలీసు డాక్టర్ లెక్క ప్రకారం హత్య జరిగింది రెండుకూ మూడుకూ మధ్య.

"రెండింటికి ఎక్కడున్నావ్?"

"దారిలో. స్పేర్ పార్ట్స్ కోసం హోల్‌సేల్ మార్కెట్‌కెళ్లాను. అరవై కిలోమీటర్లు. షాపు మూసుంది, తిరిగొచ్చేశాను."

"చూసినవాళ్లు?"

"లేరు. కానీ పెట్రోలుంది."

అది ఆ ఇంటి ఆచారం. దూరం వెళ్లేముందు ట్యాంకు మూతిదాకా నింపడం, రాగానే అదే బంకులో మళ్లీ మూతిదాకా నింపడం. రెండోసారి ఎంత పడితే అంత కాలినట్టు. బంకువాడు కూడా అదే చెప్పాడు. తమ్ముడు ఒంటిగంటన్నరకు నింపించుకున్నాడు. మూడున్నరకు మళ్లీ వచ్చాడు. రెండు లీటర్లు పట్టింది.

"రానూ పోనూ నూట ఇరవై. రెండు లీటర్లు." తమ్ముడు గోడవైపు చెయ్యి చూపించాడు. "లీటరుకు అరవై. లెక్క సరిపోయిందా?"

"మీటరు ఏమంటుంది?"

"కేబుల్ తెగి ఏడాదైంది."

ఇన్‌స్పెక్టర్ బయటికెళ్లి అతని బండి వెనక టైరును బొటనవేలితో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది. చైను ఎండి తుప్పు పట్టింది. స్టాండు వేసి వెనక చక్రం తిప్పింది. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు పట్టేసి ఉంది.

"ఎంత స్పీడులో వెళ్లావ్?"

"ఎనభైకి తగ్గలేదు."

"నీ బండి మీ అన్నయ్యే బాగుచేసేవాడా?"

"ముట్టుకోనిస్తే కదా!" మెకానిక్ భార్య అంది. "గాలి కొట్టించరా, చైనుకు ఆయిలెయ్యరా, బ్రేకు వదులు చేస్తాను తేరా అని ఆయన మొత్తుకునేవాడు. ముసలి సోది ఆపమనేవాడు వీడు."

"నోర్ముయ్! మొగుణ్ణి మింగి కూడా నోరు లేస్తోందా నీకు?"

"ఇద్దరూ ఆపండి," అంది ఇన్‌స్పెక్టర్. "బండి తాళాలు ఇటివ్వు."

ఆ రాత్రి మెకానిక్ భార్య స్టేషన్ బెంచీ మీదే ఉంది. తెల్లారితే అరెస్టు చూపించాలని పైనుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. ఇన్‌స్పెక్టర్ మధ్యాహ్నందాకా గడువు అడిగి తిట్లు తింది.

మర్నాడు ఒంటిగంటకు అందరూ షెడ్డులో ఉన్నారు. తమ్ముడి బండి మీంచి దిగి కానిస్టేబుల్ నడుం పట్టుకున్నాడు. పదకొండింటికి అదే బంకులో ట్యాంకు నింపించి, అదే మార్కెట్‌కు అదే స్పీడులో పోయి వచ్చాడు.

"తిరిగొచ్చాక ఎంత పట్టింది?"

"మూడుంపావు లీటర్లు మేడమ్. బండి కాదది, తాగుబోతు."

ఇన్‌స్పెక్టర్ తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"విన్నావా? గాలిలేని టైరు, ఎండిన చైను, పట్టేసిన బ్రేకు, దానికి తోడు నీ స్పీడు. ఈ బండి లీటరుకు నలభై కూడా ఇవ్వదు. నువ్వు నిజంగా వెళ్లుంటే మూడు లీటర్లు దాటాలి. రెండే పట్టింది. నువ్వు వెళ్లలేదు."

"వెళ్లకపోతే ఆ రెండు లీటర్లూ గాల్లో కలిశాయా?"

ఆమె సీల్ వేసిన డబ్బా బెంచీ మీద పెట్టింది. "ఇదిగో."

తమ్ముడు షెడ్డు వెనక తలుపువైపు చూశాడు.

"మీ ఆయన సామాన్లు దేంతో కడిగేవాడు?"

"వాడేసిన కిరసనాయిలుతో," అంది మెకానిక్ భార్య. "పెట్రోలు ఆ ట్రేలో పోస్తే చేతులు విరిచేస్తాననేవాడు."

"వెనక తలుపులోంచి బండి లోపలికి తెచ్చావు. అన్నను కొట్టావు. మార్కెట్‌కెళ్లినట్టు కనబడాలని ట్యాంకులోంచి రెండు లీటర్లు తీశావు. బయట పోస్తే వీధంతా వాసన. షెడ్డులో ఎవరు పట్టించుకుంటారులే అని ట్రేలో పోశావు. అవునా?"

"షెడ్డు అమ్ముదామంటే విన్నాడా?" తమ్ముడు అరిచాడు. "చుక్కలు లెక్కపెట్టుకుంటూ బతికాడు. నన్నూ అలాగే చావమన్నాడు!"

కానిస్టేబుల్ బేడీలు వేశాడు. తమ్ముడు మాత్రం గోడమీది రాతనే కొరకొరా చూస్తున్నాడు, అది తనను మోసం చేసిందన్నట్టు.

"దాన్నేం చూస్తావురా?" అంది వదిన. "ఆయన చెప్పిన మాట ఒక్కటీ వినలేదు. అన్నీ వదిలేసి ఆ గోడమీది రాతను నమ్మావు. అది ఆయన చెయ్యిపడ్డ బళ్లకురా, నీ బండికి కాదు."

అని గుమ్మంలోనే కూలబడి, నిన్నటి నుంచీ రాని ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది.