గాజుకప్పు కింద కూర్చున్నవాడు

అత్త ఎప్పుడు పోతుందా, ఆ ఇల్లు ఎప్పుడు తన చేతికొస్తుందా అని ఇర్మా ఎదురుచూస్తోంది. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు.

ఆ ఇంటికి మంచి పేరు లేదు. మోంటెవిడియో పాతపట్నంలో, రేవు పక్క వీధిలో, నూటయాభై ఏళ్ళనాడు ఇటలీ మేస్త్రీలు కట్టింది. సన్నగా, ఎత్తుగా ఉంటుంది. కిటికీల మీద సున్నంతో మలిచిన ముఖాలు, లోపల పాలరాతి మెట్లు, గాజుకప్పు వేసిన మండువా. ఆ కప్పుకి చివరి అద్దం బిగిస్తూ పెద్దమేస్త్రి జారి, మండువాలోనే పడి చచ్చిపోయాడట. చీకటిపడితే ఆ గుమ్మం ముందు కుక్క కూడా ఆగదు.

"ఈ కొంప వదిలి నా దగ్గరకి రా అత్తా!"

"కదల్లేనే," అనేది డెల్ఫీనా అత్త.

"కాళ్ళు బానే ఉన్నాయిగా?"

"నీ నోరూ బానే ఉంది. మూసుకో."

ఒక రాత్రి ఇర్మా అత్తని చూడ్డానికి వచ్చి ఉండగా కరెంటు పోయింది. మండువాలో కుర్చీ కిర్రుమంది. అత్తే అనుకుంది ఇర్మా. అక్కడివాళ్ళు టీలా తాగే మాతే ఆకు సొరబుర్రలో వేసి, వేడినీళ్ళు పోసి, చీకట్లోకి చెయ్యి చాపింది. చల్లటి వేళ్ళు అందుకున్నాయి... గొట్టంతో జుర్రుమని పీల్చిన చప్పుడు. ఖాళీ సొరబుర్ర మళ్ళీ చేతికొచ్చింది.

మాట్లాడకుండా తిరిగిస్తే మళ్ళీ పొయ్యాలి. "సంతోషం" అంటేనే చాలని. అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

మళ్ళీ పోసింది. మళ్ళీ...

"తెల్లార్లూ తాగుతావా ఏంటే అత్తా?"

పెరటి తలుపు తెరుచుకుంది. వానకి తడిసిన శాలువాతో, చేతిలో కొవ్వొత్తులతో... అత్త!

"ఎవరితోనే మాటలు?"

ఇర్మా చాపిన చేతిలోకి ఖాళీ బుర్ర మళ్ళీ వచ్చి పడింది.

అత్త గొంతు గుసగుసగా మారింది. "నువ్వు... పోశావా?"

"ఎవరత్తా అది—"

"మేస్త్రి. ఇల్లు కట్టినన్నాళ్ళూ యజమాని వాడి ఎదురుగానే కూర్చుని తాగాడు, ఒక్క గుక్కా ఇవ్వలేదు. నా పెళ్ళైనప్పట్నుంచీ పోస్తున్నా, చాలనడు. తెలీక ఇంకొకరు పోస్తే గానీ నాకు విడుదల లేదు." శాలువా బిగించుకుంది. "నేను పొయ్యమన్లేదమ్మా. ఇల్లు కావాలని నీ కళ్ళు చెప్తూనే ఉన్నాయిగా... ఉంచుకో."

గడప దాటి వెళ్ళిపోయింది. వీధి తలుపు దభాలున పడింది.

ఇర్మా పరుగెత్తింది. తలుపు తెరుచుకుంది గానీ, కాలు మాత్రం గడప దాటలేదు. వెనక చీకట్లో కుర్చీ కిర్రుమంది.

వెనక్కి వచ్చి మళ్ళీ పోసింది. పోస్తుండగా అన్న ఒస్మార్ గుర్తొచ్చాడు. అత్త తర్వాత ఇంట్లో సగం తనదేనంటూ కోర్టుకెక్కుతానన్నవాడు, మాటలు మానేసినవాడు.

గొంతులోకి నవ్వు తెచ్చుకుని నెమ్మదిగా అని చూసుకుంది. "అన్నయ్యా, ఇల్లంతా నువ్వే తీసుకో. ఒక్కసారి రా... మాతే నువ్వే పోద్దువుగాని."

బాగానే వచ్చింది.

ఫోన్ తీసింది.